పొడిని మెరుపులో దూర్చి పూసే పని

నూలు ఇనుమును కోస్తుందంటే మిల్లు ముఖం చూడనివాళ్ళు నవ్వుతారు. రింగ్ ఫ్రేమ్ మీద నిలబడిన సైడర్ అక్కల్ని అడగండి, కోన్ వైండింగ్‌లో పనిచేసినోళ్ళని అడగండి, వాళ్ళు చెప్తారు. దారం పోయే దారిలో కొక్కెం మాదిరి చిన్న గైడు ఉంటుంది. కొత్తగా బిగించినప్పుడు అద్దం లెక్క నున్నగా ఉంటుంది. కొన్ని నెలలపాటు రాత్రీ పగలూ దారం అదే తావున రాసుకుంటూ పోతే రంపంతో గీసినట్టు గాడి పడుతుంది. గాడి పడ్డాక దారానికి నూగు లేస్తుంది, తెగుతుంది. తెగిన ప్రతిసారీ అతకాల్సింది మనమే, తిట్లు తినాల్సిందీ మనమే.

పాలిస్టర్ కలిసిన నూలైతే ఈ కోత ఇంకా ఎక్కువ. దానికి కారణముంది. పాలిస్టర్ దారం ఉత్తగా వదిలేస్తే గాజులా తళతళ మెరుస్తుంది. ఆ మెరుపు చంపడానికి తయారీలోనే టైటానియం డయాక్సైడ్ అనే తెల్ల పొడి కలుపుతారు. గోడకు వేసే తెల్ల పెయింటులో ఉండేదీ అదే. కంటికి కనపడనంత సన్నటి పొడి, కానీ గట్టిది. దారంలోని ఆ పొడి గైడును అరగదీస్తుంది. నేను మిల్లులో 34 ఏళ్ళు పనిచేసి ఎన్ని వందల గైడ్లు మార్చానో లెక్క లేదు.

ఒక పొడి చేసే నష్టాన్ని ఇంకో పొడితో ఆపే పద్ధతి ఒకటుంది. దాని గురించే ఈ నెల రాస్తున్నా. మా వీధిలో ఐటీఐ ఫిట్టర్ చదివిన ఒక పిల్లోడికి చెన్నై పక్క ఒక కోటింగ్ షాపు నుంచి పిలుపు వచ్చింది. పని పేరు ప్లాస్మా స్ప్రే. వాళ్ళమ్మ నా దగ్గరకి వచ్చి, "మామా, ప్లాస్మా అంటే రక్తంలో ఉండేది గదా? సీఎంసీలో రక్తం ఇచ్చినప్పుడు చెప్పినారే! వీణ్ణి ఆసుపత్రి పనికి పిలుస్తా ఉండారా ఏంది?" అని అడిగింది. ఆమె అడిగినదాంట్లో తప్పేం లేదు. పేరు ఒకటే, సంగతి వేరు. అది తెలుసుకుందామని పిల్లోడితోపాటు నేనూ పోయి ఆ షాపు చూసి వచ్చా, తెలిసినోళ్ళని అడిగా.

మంచుగడ్డను వేడి చేస్తే నీళ్ళు, నీళ్ళను వేడి చేస్తే ఆవిరి. ఇంతవరకు మనం మూడో తరగతిలోనే చదివాం. ఆ ఆవిరినో గాలినో ఇంకా ఇంకా వేడి చేస్తే, లేదంటే దాంట్లో గట్టిగా కరెంటు పారిస్తే, దాని అణువులు లోపలికి లోపల విరిగిపోయి కరెంటు పారే మంటలాగా అయిపోతుంది. దాన్నే ప్లాస్మా అంటారు. 1928లో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఈ పేరు పెట్టాడు. ఆకాశంలో మెరుపు ప్లాస్మా. సూర్యుడు ప్లాస్మా. మనిళ్ళలో మొన్నటిదాకా వెలిగిన ట్యూబ్‌లైటు లోపల ఉండేదీ అదే. వెల్డింగ్ షాపులో కళ్ళు మూసుకోమని అరుస్తారే, ఆ వెలుగూ అదే జాతి. ట్యూబ్‌లైటును చేత్తో తాకొచ్చు, వెల్డింగ్ మంటను తాకలేం. అంటే ప్లాస్మాలో చల్లనిదీ ఉంది, మండేదీ ఉంది. ఈ తేడా గుర్తు పెట్టుకోండి, రెండూ పొడి పనికి వస్తాయి.

ముందు మండేది చెప్తా. కోటింగ్ షాపులో ఒక గన్ను ఉంటుంది, నీళ్ళ పంపు మూతి అంత. లోపల టంగ్‌స్టన్ కడ్డీ, చుట్టూ రాగి నాజిల్. రాగి కరిగిపోకుండా లోపల నీళ్ళు తిరుగుతుంటాయి. కడ్డీకీ నాజిల్‌కీ మధ్య ఆర్గాన్ గ్యాసు పంపి, కొంచెం హైడ్రోజన్ కలిపి, 500 ఆంపియర్ల లెక్కలో కరెంటు దూకిస్తారు. మన ఇంటి ఫ్యూజులు 5, 10 ఆంపియర్లవి, దాన్నిబట్టి ఊహించుకోండి. మూతిలోనుంచి తెల్లటి మంట చువ్వలాగా బయటికి వస్తుంది. నడిమధ్యలో వేడి 10,000 డిగ్రీలు దాటుతుంది. సూర్యుడి పైభాగం వేడి 5,500 డిగ్రీలే.

ఆ మంట పక్కనుంచి సన్న గొట్టంలో పొడి ఊదుతారు. పొడి రేణువు మంటలో ఉండేది సెకనులో వెయ్యో వంతు లెక్కలో. ఆ కాస్తలోనే కరిగి బొట్టవుతుంది, సెకనుకు రెండు మూడు వందల మీటర్ల వేగంతో పోయి గైడు మీద పడుతుంది. పెనం మీద దోసె పిండి పడితే పరుచుకున్నట్టు చదునుగా పరుచుకొని వెంటనే గట్టిపడుతుంది. దాని మీద ఇంకో బొట్టు, దాని మీద ఇంకోటి. అట్లా లక్షల బొట్లు ఒకదాని మీద ఒకటి పడితే మన పోస్టుకార్డు మందం పూత తయారవుతుంది. నన్ను ఆశ్చర్యపరిచింది ఏమంటే, అంత మంట ఎదురుగా పెట్టినా గైడు ఎర్రగా కాలదు. బొట్టు బొట్టుకు ఉండే వేడి కొంచెమే, పైగా పక్కనుంచి చల్లగాలి కొడుతుంటారు. 150, 200 డిగ్రీలు దాటనివ్వరు. మెత్తటి లోహం మీద కూడా రాయంత గట్టి పూత వేయొచ్చు. నూలు గైడ్లకు, రోలర్లకు వేసేది ఎక్కువగా రెండు రకాలు. ఒకటి అల్యూమినియం ఆక్సైడ్‌కు కొంచెం టైటానియం ఆక్సైడ్ కలిపింది. రెండోది క్రోమియం ఆక్సైడ్, ముదురాకుపచ్చ పొడి.

గన్నుకంటే పొడి కథ పెద్దది. ఏ పొడి పడితే ఆ పొడి గన్నులో పనికిరాదు. మీరు గరాటులో రాగిపిండి పోయండి, దారిలోనే అడ్డంపడి నిలిచిపోతుంది. అదే గరాటులో ఆవాలు పోయండి, జలజలా కారిపోతాయి. ఆవాలు గుండ్రంగా ఉంటాయి, ఒకే సైజులో ఉంటాయి. పిండి రేణువులకు మూలలుంటాయి, ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. రాయిని నూరి చేసిన పొడి కూడా పగిలిన గాజు ముక్కల మాదిరే ఉంటుంది. గొట్టంలో ఇరుక్కుంటుంది, ఆగి ఆగి వస్తుంది, పూత ఎగుడుదిగుడుగా పడుతుంది.

దానికి మందు కూడా ప్లాస్మానే. నూరిన పొడిని ముందొకసారి ప్లాస్మా మంటలో పైనుంచి కిందికి జారవిడుస్తారు. ఎదురుగా గైడు ఏదీ పెట్టరు. రేణువు మంటలో కరుగుతుంది, కరిగిన బొట్టు వాన చినుకులాగా తనంతట తానే గుండ్రమవుతుంది, కిందికి పడేలోపల చల్లారి గట్టిపడుతుంది. మూలలున్న పొడి పైన పోస్తే ఆవాలు కింద రాలతాయి, అంతే. లోపల బొక్కలుంటే అవీ మూసుకుపోతాయి. ఇప్పుడు లోహపు పొడితో పొర మీద పొర వేసి మిషను భాగాలు అచ్చేసే పద్ధతి వచ్చింది గదా, త్రీడీ ప్రింటింగ్ అంటారు, దానికి ఇట్లా గుండ్రం చేసిన పొడి చాలా కావాలి. టంగ్‌స్టన్ లాంటి మొండి లోహాలు మామూలు కొలిమిలో కరగవు, 3,400 డిగ్రీలు కావాలి. ప్లాస్మాకు అది లెక్కే కాదు.

మన తెలుగునాట ఈ పొడి విద్యకు పెద్ద చోటు హైదరాబాదు బాలాపూర్‌లో ఉన్న ఏఆర్‌సీఐ. 1997 నుంచి కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ కింద స్వతంత్ర సంస్థగా నడుస్తోంది. పేరులోనే పొడి లోహ విద్య ఉంది. పొడిని ప్లాస్మాతో పూయడం, గ్యాసు పేల్చి ఆ దెబ్బకు పూయడం, ఇట్లాంటి పద్ధతులు అక్కడ పరిశోధించి, కొన్నిటిని చిన్న చిన్న కంపెనీలకు అప్పగించారు. ప్లాస్మాకు మాత్రమే ఉన్న సంస్థ గుజరాత్‌లో గాంధీనగర్‌లో ఉంది, 1986లో పెట్టారు. మన వృత్తికి దగ్గరైన పని ఒకటి వాళ్ళు చేశారు. అంగోరా కుందేలు ఉన్ని చాలా మెత్తన, చాలా జారుడు. పోగు పోగును పట్టుకోదు కాబట్టి వడకడం కష్టం, వడికినా రాలిపోతుంది. ఆ ఉన్నిని చల్లటి ప్లాస్మాలో నుంచి పోనిస్తే పోగు పైన సన్నగా గరుకు వస్తుంది, వడకడానికి పట్టు దొరుకుతుంది. మందూ లేదు, నీళ్ళూ లేవు.

చల్లటి ప్లాస్మా పొడికి చేసే పనీ అట్లాంటిదే. లోపలి సరుకును ముట్టుకోదు, పైచర్మాన్ని మారుస్తుంది. కొన్ని పొడులు నీళ్ళలో వేస్తే మునగవు, తేలతాయి, ఉండలు కడతాయి. బొగ్గుమసి అట్లాంటిది, ప్లాస్టిక్ పొడి అట్లాంటిది. రంగులోనో గంజిలోనో కలపాలంటే చేతులు నొప్పి పుడతాయి. ఆ పొడిని పెద్ద డ్రమ్ములో వేసి తిప్పుతూ, లోపల గాలి తీసేసి కొంచెం ఆక్సిజన్ వదిలి, ట్యూబ్‌లైటు లాంటి చల్లటి ప్లాస్మా వెలిగిస్తే, ప్రతి రేణువు పైనా ఆక్సిజన్ అతుక్కుంటుంది. తర్వాత నీళ్ళలో వేస్తే చక్కగా కలిసిపోతుంది. తిప్పడం ఎందుకంటే పొడి అడుగున దాక్కున్న రేణువుకు వెలుగు తగలదు. శెనగలు వేయించేటప్పుడు గరిటె ఆపితే ఏమవుతుందో మీకే తెలుసు. తంజావూరులోని ఆహార సాంకేతిక సంస్థలో ఈ చల్లటి ప్లాస్మాను తిండి సరుకుల మీద పరీక్షిస్తున్నారు. వేడి చేయకుండా క్రిములు చంపాలనేది వాళ్ళ ఆశ.

పొడి పైచర్మం ఎంత ఉంటుందో లెక్క వేస్తే గానీ దాని బలం తెలియదు. ఒక సెంటీమీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న కలకండ ముక్క తీసుకోండి. ఆరు ముఖాలూ కలిపి 6 చదరపు సెంటీమీటర్లు. దాన్ని మిల్లీమీటరులో నూరో వంతు సైజు రేణువులుగా నూరితే మొత్తం పైభాగం 6,000 చదరపు సెంటీమీటర్లవుతుంది. మన గుడియాత్తం లుంగీలో పావు భాగం పరిచినంత! ఒక చిన్న ముక్కలోనుంచి ఇంత వస్తుంది. పొడి తొందరగా కరిగేది అందుకే, తొందరగా అంటుకునేదీ అందుకే. అగ్గిపెట్టెల పని చేసే గుడియాత్తం వాళ్ళకు మందుపొడి గురించి నేను చెప్పక్కర్లేదు. బ్లో రూములో దూది ధూళికి నిప్పురవ్వ తగిలితే ఏమవుతుందో మిల్లు వాళ్ళకూ చెప్పక్కర్లేదు. అల్యూమినియం పొడికి కూడా అదే గుణం ఉంది. పొడి ఊపిరితిత్తుల్ని అంతగా బాధపెట్టడానికి కూడా ఇదొక కారణం.

ఈ పూత మనుషుల ఒంట్లోకి కూడా పోతుంది. తుంటి కీలు అరిగిపోతే సీఎంసీ లాంటి పెద్ద ఆసుపత్రుల్లో లోహపు కీలు పెడతారు. కొన్ని రకాల కీళ్ళలో ఎముకలోకి దిగే టైటానియం కడ్డీ పైన, మన ఎముకలో ఉండే ఖనిజం లాంటి పొడినే ప్లాస్మాతో పూస్తారు. ఎముక దాన్ని తన మనిషే అనుకొని పెరిగి పట్టుకుంటుంది. 1980ల నుంచి వాడుతున్నారు. గాడి పడ్డ గైడుకు, అరిగిన తుంటికి ఒకే వైద్యం.

ఇంక మన నేల సంగతి. ఇనుము అరగకుండా పాతకాలం నుంచి చేసేది హార్డ్ క్రోమ్ ప్లేటింగ్. క్రోమిక్ ఆమ్లం తొట్టిలో ముంచి కరెంటు పెడతారు. ఆ తొట్టి నీళ్ళలో ఉండేది ఆరో రకం క్రోమియం, విషం, క్యాన్సర్ తెచ్చేది. పాలారు ఒడ్డున ఉన్నోళ్ళకు క్రోమియం అంటే ఏమిటో ఎవరూ నేర్పాల్సిన పని లేదు. తోళ్ళ షాపుల నీళ్ళ మీద వేలూరు పౌరుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న తీర్పు చెప్పింది. పాడు చేసినవాడే ఖర్చు పెట్టుకోవాలనే మాట ఆ తీర్పులోనే గట్టిగా వచ్చింది. రాణిపేటలో మూతపడిన క్రోమేట్ ఫ్యాక్టరీ వెనక లక్షన్నర టన్నులకు పైగా క్రోమియం చెత్త గుట్టగా పడి ఉండిపోయింది. వానొస్తే పచ్చటి నీళ్ళు పారేవి. అది ప్లేటింగ్ చెత్త కాదు, తోళ్ళకు వాడే ఉప్పుకు ముడిసరుకు చేసిన చెత్త. విషం మాత్రం అదే జాతి. ప్లాస్మా పూతకు ఆ తొట్టీ లేదు, కాలువలోకి వదిలే ఆ నీళ్ళూ లేవు. ఇది నిజంగా మేలు, కాదనడానికి లేదు.

అయితే షాపులో నేను నిలబడి చూసింది ఇంకొకటి. గన్నులోనుంచి పోయే పొడి అంతా గైడుకు అంటదు. పూసే సరుకునుబట్టి సగం దాకా కూడా చెదిరిపోతుంది. చెదిరింది ఎక్కడికి పోవాల? పెద్ద ఫ్యాను పీల్చి గొట్టంలోనుంచి ఫిల్టర్ సంచుల్లోకి పోవాల. గన్నును గాజు కిటికీ ఉన్న గదిలో పెట్టి, రోబో చెయ్యితో తిప్పి, మనిషి బయట నిలబడి చూస్తే మంచి షాపు. మనిషే గన్ను పట్టుకొని మంట పక్కన నిలబడితే వేరే సంగతి. ఆ శబ్దం 110 డెసిబెల్స్ దాటుతుంది, లూమ్ షెడ్డుకంటే ఎక్కువ. వెలుగు కళ్ళనూ చర్మాన్నీ కాలుస్తుంది. మంటలో ఆవిరై మళ్ళీ గడ్డకట్టిన పొగ, పొడికంటే సన్నం. క్రోమియం ఆక్సైడ్ పొడి సీసాలో ఉన్నప్పుడు అంత ప్రమాదం కాదు, కానీ ఆ మంటలో గాలి తగిలి కొంత ఆరో రకంగా మారుతుంది. నీళ్ళలో వద్దనుకున్నది గాలిలో తయారవుతుంది. పూతకు ముందు గైడును గరుకు చేయడానికి గట్టి రవ్వ కొడతారు. దానికి అల్యూమినియం ఆక్సైడ్ రవ్వ వాడితే సరే, ఇసుక వాడితే సిలికోసిస్ తప్పదు.

మిల్లు వాళ్ళకు దుమ్ము కొత్త కాదు. కార్డింగులో పనిచేసినోళ్ళకు ఆదివారం సెలవు తర్వాత సోమవారం షిఫ్టులో ఛాతీ బిగుసుకునేది, మంగళవారానికి కొంచెం తగ్గేది. చానాళ్ళు దాన్ని సోమవారం బద్ధకం అని ఎగతాళి చేశారు. అది బిస్సినోసిస్. 1948 ఫ్యాక్టరీల చట్టంలో దాన్ని తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో పెట్టారు. సిలికోసిస్ కూడా ఉండేది, క్రోమియం పుండ్లు కూడా ఉండేవి. ఈఎస్ఐ చట్టంలో కూడా దూది దుమ్ము జబ్బు పనివల్ల వచ్చే జబ్బుగానే ఉండేది. కాగితం మీద ఉన్నా, మా షిఫ్టులో ఎంతమందికి డాక్టరు ఆ పేరు రాసిచ్చాడు? దగ్గు మందు రాసిచ్చేవాళ్ళు.

మేం తువ్వాలు ముక్కుకు కట్టుకునేవాళ్ళం. షిఫ్టు అయ్యాక కంప్రెసర్ గాలితో ఒంటి మీద దూది దులుపుకునేవాళ్ళం, సరదాగా కూడా ఉండేది. ఈ పనిలో రెండూ కూడదు. తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల లెక్క. లోపలికి దిగి ఊపిరితిత్తుల అడుగున కూర్చునే ధూళి 5 మైక్రాన్ల లోపలిది. తువ్వాలు కట్టుకోవడం చేపల వలతో దోమల్ని పట్టినట్టు. ముఖానికి బిగుతుగా అతుక్కునే ఫిల్టర్ మాస్కు కావాల. గాలితో దులిపితే బట్టల మీద ఉన్నది ముక్కులోకి పోతుంది, వాక్యూమ్‌తో పీల్చాల. పనిబట్టలు ఇంటికి తేకూడదు. ఉతికేది అమ్మే గదా, పసిపిల్లలు ఎక్కేది ఆ ఒడి మీదకే గదా.

పిల్లోడికి నేను చెప్పింది ఇదే: పనికి పో, మంచి విద్య, గాజు కిటికీ వెనక నిలబడి నేర్చుకో. జీతం ఎంత అని అడిగేటప్పుడే ఏ పొడి వాడతారో, డబ్బా మీద ఏం రాసుందో, పీల్చే ఫ్యాను రోజంతా తిరుగుతుందో లేక ఆఫీసర్లు వచ్చినప్పుడే తిరుగుతుందో కూడా అడుగు. చేరేముందు ఊపిరి పరీక్ష చేయించుకొని ఆ కాగితం ఇంట్లో పెట్టుకో. పదేళ్ళ తర్వాత ఏమన్నా అయితే, ముందు నీ ఛాతీ ఎట్లా ఉండిందో చూపించడానికి ఆ కాగితం తప్ప ఇంకేం ఉండదు. వాళ్ళమ్మ నా మీద కోప్పడింది. "చేరకముందే ఇన్ని అడిగితే వాళ్ళు పని ఇస్తారా మామా?" అంది. ఇచ్చారు. అడిగినందుకు ఆ సూపర్‌వైజరు విసుక్కోలేదు కూడా, డబ్బా తెచ్చి చూపించాడు.

చేరి రెండు నెలలయింది. మొన్న ఆదివారం ఫోన్ చేశాడు. రోబో చెయ్యిని ఎట్లా తిప్పాలో నేర్పుతున్నారంట, కొత్త మాస్కు ఇచ్చారంట, వాడి గొంతులో సంతోషం వినపడింది. నిండిన ఫిల్టర్ సంచులు విప్పి దులిపేది ఎవర్రా అని అడిగా. కాసేపు మాట్లాడలేదు. "అది మా పని కాదు తాతా, కాంట్రాక్టు మనుషులు వస్తారు, బీహారు వాళ్ళు ఇద్దరు" అన్నాడు. వాళ్ళ ముక్కుకు ఏం కట్టుకుంటారు అన్నా. ఈ శనివారం సంచులు మార్చే రోజంట, చూసి చెప్తానన్నాడు.